పటం కట్టిన పాత ఫ్రెంచ్ ఎచింగ్: మధ్యయుగ పట్టణ దృశ్యాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరుకు వీధి, ముందుకు ఒరిగిన కర్ర ఇళ్ళు, వాటి వెనక కథీడ్రల్ శిఖరం, అన్నీ సన్నటి నల్ల గీతల్లో. ఇలాంటి పటాలు ఫ్రాన్స్ పాత సామాన్ల సంతల్లో, అమెరికా ఎస్టేట్ సేల్స్‌లో, ఆన్‌లైన్ వేలాల్లో తరచూ కనిపిస్తాయి. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు కొంటున్నారు, కొన్ని ఇక్కడి ఇళ్ళకూ వస్తున్నాయి. కొనేముందు, కొన్నాక మళ్ళీ మళ్ళీ వచ్చే సందేహాలకు జవాబులు ఇవి.

ఎచింగ్ అంటే అసలు ఏమిటి? పెన్నుతో గీసిన బొమ్మేనా?

కాదు, అచ్చు వేసిన బొమ్మ. రాగి పలక మీద మైనం, తారు, రెసిన్ కలిపిన పలుచని పూత పూస్తారు. కళాకారుడు ఆ పూతను సూదితో గీకుతూ బొమ్మ వేస్తాడు. గీకిన చోట మాత్రమే రాగి బయటపడుతుంది. పలకను యాసిడ్‌లో ఉంచితే ఆ గీతల వెంట రాగి తినుకుపోయి గాళ్ళు పడతాయి. దూరంగా కనబడే కొండలు, ఆకాశం లాంటి లేత గీతలు కొద్దిసేపట్లో తయారైపోతాయి. వాటికి వార్నిష్ పూసి మూసేసి పలకను మళ్ళీ యాసిడ్‌లో దించుతారు. దగ్గరి తలుపులు, గోడల నీడలు చివరిదాకా యాసిడ్‌లో ఉండి లోతుగా తెగుతాయి. ఒకే బొమ్మలో వెంట్రుకంత గీతా, బొగ్గంత నలుపూ పక్కపక్కనే ఉండటానికి కారణం ఇదే.

తర్వాత పూత కడిగేసి, పలక మొత్తానికి చిక్కటి నూనె సిరా పట్టించి, గంజి పెట్టిన పలుచని నూలు గుడ్డతో పైపైన తుడుస్తారు. గాళ్ళలో సిరా నిలిచిపోతుంది. తడిపిన కాగితాన్ని పలక మీద పరిచి, పైన ఫెల్ట్ దుప్పట్లు వేసి రెండు రోలర్ల మధ్య నుంచి లాగితే, మెత్తబడ్డ కాగితం గాళ్ళలోకి దిగి సిరాను పైకి తెచ్చుకుంటుంది. అందుకే అసలైన ఎచింగ్‌లో ముదురు గీతలు కాగితం మీద కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి, పలక అంచు చుట్టూ ఒక నొక్కు పడుతుంది. ఈ రెండు ఆనవాళ్ళూ కింద చాలాసార్లు అవసరపడతాయి.

ఫ్రాన్స్ నుంచే ఇన్ని పాత పట్టణాల ఎచింగ్‌లు ఎందుకు వచ్చాయి?

మొదటి అల 17వ శతాబ్దంలో లేచింది. నాన్సీ పట్టణానికి చెందిన జాక్ కాలో గట్టి వార్నిష్ పూత వాడి, ఉలి నగిషీ లాంటి తీరైన గీత సాధించాడు. అబ్రహం బోస్ ఆ పద్ధతిని 1645లో పుస్తకంగా రాశాడు. ఇజ్రాయెల్ సిల్వెస్త్ర్ ఫ్రాన్స్ ఊళ్ళూ కోటలూ వందలకొద్దీ గీశాడు.

మీ చేతికి వచ్చే పటం మాత్రం ఎక్కువగా రెండో అలకు, అంటే 1850 తర్వాతి కాలానికి చెందుతుంది. పారిస్‌లో ప్రభుత్వ అధికారి ఓస్మాన్ పాత వీధులు కూల్చి వెడల్పు రోడ్లు వేయిస్తున్న రోజులవి. పోతున్న ఊరిని గీసిపెట్టుకోవాలన్న ఆరాటం పెరిగింది. షార్ల్ మెరియోన్ 1850–54 మధ్య వేసిన పారిస్ ఎచింగ్‌ల వరుస దానికి శిఖరం. ఆయనకు రంగుల తేడా సరిగా తెలిసేది కాదు. చిత్రలేఖనం వదిలి నలుపు తెలుపుల ఈ పనిలోకి రావడానికి అదొక కారణం, కళకు అది వరమైంది. 1862లో ప్రచురణకర్త ఆల్‌ఫ్రెడ్ కదార్ ఎచింగ్ కళాకారుల సంఘం పెట్టి నెలకు ఐదు బొమ్మల చొప్పున సంపుటాలు తెచ్చాడు. ఓగ్యుస్త్ దెలాత్ర్ అచ్చు వేశాడు. 1859లో మొదలైన గజెత్ దే బోజార్ లాంటి కళా పత్రికలు సంచికల్లో ఎచింగ్‌లు కుట్టి పంపేవి. రైళ్ళు వచ్చాక యాత్రికులకు ఊరి జ్ఞాపకంగా అమ్మినవి వేరే. రువాన్, చార్‌త్ర్, దినాన్, విత్రే, కార్కసోన్, మోన్ సాన్ మిషెల్ పేర్లు అందుకే పదేపదే ఎదురవుతాయి.

ఒక హెచ్చరిక: 1820ల నుంచి వచ్చిన పెద్ద పెద్ద ఫ్రెంచ్ యాత్రా సంపుటాల్లోని పట్టణ దృశ్యాల్లో చాలా భాగం రాతిమీద గీసి అచ్చువేసిన లిథోగ్రాఫ్‌లు. వాటి గీత క్రేయాన్ గీతలా గరుకుగా, రవ్వలు రవ్వలుగా ఉంటుంది. అవీ మంచివే, కానీ ఎచింగ్ పేరుతో అమ్మితే ఒప్పుకోకండి.

ఫ్రేములో ఉండగానే అసలుదో కాదో చెప్పగలమా?

కొంతవరకు చెప్పొచ్చు. ముందుగా 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కొనుక్కోండి, నగల షాపువాళ్ళు వాడేది సరిపోతుంది. గాజుకు ఆనించి ఆకాశం లేదా నీడ ఉన్న చోట చూడండి. వరుసగా పేర్చినట్టు చుక్కలు కనిపిస్తే అది మామూలు ప్రెస్ అచ్చు, అక్కడితో ఆపేయండి. ముడతలు పడ్డ చర్మం లాంటి సన్నటి వంకర గింజలు కనిపిస్తే కాలోటైప్, అదీ ఫొటో పద్ధతే. విడివిడి గీతలే ఉండి, వాటి కొసలు మొద్దుగా ఆగిపోతుంటే ఎచింగ్ అయ్యే అవకాశం ఉంది. ఉలితో చెక్కిన ఎన్‌గ్రేవింగ్ గీత కొసకు వచ్చేసరికి సూదిమొనలా సన్నబడుతుంది. రెండూ ఒకే పలకలో కలిసి ఉండటం కూడా మామూలే.

తర్వాత మొబైల్ టార్చిని పక్కనుంచి, గాజుకు దాదాపు సమాంతరంగా వేసి చూడండి. నల్ల గీతలకు ఎత్తు ఉంటే చిన్న నీడ పడుతుంది. పలక నొక్కు కనిపిస్తుందో లేదో చూడండి. చాలా పటాల్లో మౌంట్ అట్ట, అంటే బొమ్మ చుట్టూ కిటికీలా కోసి పెట్టే అట్ట, ఆ నొక్కును కప్పేసి ఉంటుంది. అమ్మేవాళ్ళు గాజు తీయనివ్వకపోతే, వెనకవైపు ఫొటోలూ, పక్క వెలుతురులో తీసిన ఒక ఫొటో అయినా అడగండి. అవి కూడా ఇవ్వకపోతే ఫ్రేము ధర మాత్రమే పెట్టండి.

గాజు తీసి చూడాలంటే ఎలా?

నిజం తెలిసేది కాగితం బయటికి వచ్చాకే. పాత ఫ్రేము లోపల ఏముందో తెలియకుండా ఏళ్ళ తరబడి గోడకు వదిలేయడం కంటే, ఒకసారి జాగ్రత్తగా విప్పడం ఎప్పుడూ మేలు.

బల్ల మీద మందపాటి మెత్తటి తువ్వాలు పరిచి, పటాన్ని బోర్లా పడుకోబెట్టండి. గాజు పగిలి ఉంటే ముందుగా దాని మీద మాస్కింగ్ టేపు అడ్డంగా నిలువుగా అతికించండి, ముక్కలు జారితే కాగితాన్ని కోసేస్తాయి. వెనక కాగితాన్ని, దాని మీది షాపు లేబుళ్ళను, చేతిరాతను ఫొటో తీయండి. లేబుల్ ఉన్న ముక్కను చింపకుండా చుట్టూ కోసి దాచండి. సన్న మేకులను చిన్న ప్లయర్‌తో పట్టుకుని, వచ్చిన దారినే నేరుగా లాగండి. పక్కకు మెలితిప్పితే ఎండిన కర్ర చీలుతుంది. వెనక చెక్క పలకో అట్టో పైకి తీసేటప్పుడు బొమ్మ దానికి అంటుకుని వస్తోందేమో పక్కనుంచి చూస్తూ తీయండి. అంటుకుని ఉంటే లాగొద్దు, అట్టతో సహా అలాగే బయటికి తీయండి.

గాజును బొమ్మ మీంచి ఎత్తేటప్పుడే ఎక్కువ నష్టం జరుగుతుంది. మౌంట్ లేకుండా గాజుకు నేరుగా ఆనించి కట్టిన పటాల్లో, తేమకు కాగితం గాజును పట్టేసుకుంటుంది. ఒక మూల కొద్దిగా ఎత్తి చూడండి. రాకపోతే మిగతా పని కన్జర్వేటర్‌కు, అంటే పాత కాగితం బాగుచేసే నిపుణుడికి వదిలేయండి. చేతులు కడిగి ఆరబెట్టుకుని, కాగితాన్ని రెండు చేతులతో ఎదురెదురు మూలల దగ్గర పట్టుకోవాలి.

పలక నొక్కు స్పష్టంగా ఉంది. ఇక అసలుదే కదా?

తొందరపడకండి. హీలియోగ్రావ్యూర్ అనే పద్ధతిలో ఫొటో సాయంతో రాగి పలకను తయారుచేసి, ఎచింగ్ లాగే అచ్చు వేసేవారు. నొక్కు దానికీ పడుతుంది. పారిస్‌లో అమాన్-ద్యురాన్ 19వ శతాబ్దం చివర్లో పాత గొప్ప కళాకారుల ఎచింగ్‌లకు ఇలాంటి నకళ్ళు ఎంతో నైపుణ్యంతో వేశాడు. అసలు ఎచింగ్‌లో లేత గీతకు లోతు తక్కువ, ముదురు గీతకు ఎక్కువ. హీలియోగ్రావ్యూర్‌లో అన్ని గీతల ఎత్తూ దాదాపు ఒకేలా ఉంటుంది, నీడల్లో సమానంగా పరిచిన సన్నటి రవ్వ కనిపిస్తుంది.

ఆఫ్‌సెట్ ప్రింటు చుట్టూ తర్వాత ఉత్తుత్తి నొక్కు కొట్టినవీ ఉన్నాయి. కాగితం తిప్పి చూడండి. అసలు నొక్కులో పలక ఆనిన భాగమంతా ప్రెస్ ఒత్తిడికి నున్నబడి, వెలుపలి మార్జిన్ కంటే వేరుగా ఉంటుంది. పలక అంచుల్లో తుడుపు వదిలేసిన లేత సిరా చార కూడా తరచుగా మిగులుతుంది. ఉత్తుత్తి నొక్కులో గీత తప్ప ఇంకేమీ ఉండదు.

బొమ్మ కింద ఉన్న చిన్న రాతలు ఏం చెబుతాయి?

పేరు పక్కన "దెల్." ఉంటే ఆ వ్యక్తి మూల చిత్రం గీసినవాడు. "స్కల్ప్." లేదా "స్క్." ఉంటే పలక చెక్కినవాడు. "ఇంప్." ఉంటే అచ్చువేసినవాడు. ఇద్దరి పేర్లు వేరువేరుగా ఉంటే అది ఒకరి చిత్రాన్ని చూసి మరొకరు వేసిన పలక, ధర సాధారణంగా తగ్గుతుంది. పత్రిక పేరు కింది మార్జిన్‌లో ఉంటే సంచికలో కుట్టినది. ఎడమ అంచున కుట్టు రంధ్రాలు, మధ్యలో మడత ఉన్నాయేమో చూడండి. ఈ రాతలేవీ వేయకముందు తీసిన తొలి ప్రతులకు విలువ ఎక్కువ. దాన్ని అనుకరించడానికి రాతలున్న మార్జిన్ కోసేసిన ప్రతులు కూడా తిరుగుతుంటాయి, అందుకే మార్జిన్ వెడల్పు తప్పక కొలవండి.

మార్జిన్‌లో చిన్న రబ్బరు ముద్రో, సిరా లేని నొక్కు ముద్రో ఉంటే అది పాత యజమానిది కావచ్చు. ఫ్రిట్స్ లుగ్ట్ సేకరించిన ముద్రల పట్టిక ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది, అందులో వెతకండి.

ఎప్పటిదో తెలుసుకోవడం ఎలా?

పట్టణ దృశ్యాలకు ఒక గొప్ప సౌలభ్యం ఉంది: కట్టడాలే తేదీ చెబుతాయి.

రువాన్ కథీడ్రల్ మధ్య శిఖరం 1822 సెప్టెంబర్‌లో పిడుగు పడి కాలిపోయింది. దాని స్థానంలో ఇనుప శిఖరం 1876లో పూర్తయింది. 151 మీటర్ల ఎత్తుతో నాలుగేళ్ళపాటు ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడం అదే. బొమ్మలో ఆ కమ్మీల శిఖరం నిండుగా ఉంటే పలక 1876కు ముందుది కాదు. కార్కసోన్ కోటను వాస్తుశిల్పి వియోలే-ల-ద్యూక్ 1853 నుంచి బాగుచేయించాడు. బురుజుల మీద కోసుగా ఉండే పలకరాతి కప్పులు ఆ మరమ్మతుల్లో వచ్చినవి. బురుజులు మొండిగా, కప్పు లేకుండా ఉంటే అంతకు ముందరి రూపం. మోన్ సాన్ మిషెల్ దీవి కొన మీద ఫ్రెమియే చెక్కిన మిషెల్ దేవదూత విగ్రహం నిలిచింది 1897లో, ఒడ్డు నుంచి కట్ట వేసింది 1879లో. ల ప్యుయి పట్టణంలో రాతి గుట్ట మీది పెద్ద మేరీమాత విగ్రహం 1860ది, క్రిమియా యుద్ధంలో పట్టుకున్న ఫిరంగుల లోహంతో పోసినది. మొర్లే పట్టణం మీదుగా పోయే రైలు వంతెన 1863 నాటికి పూర్తయింది. పారిస్ నోత్ర్-దామ్ మీద 2019లో కాలిపోయిన శిఖరం 1859లో పెట్టినది, మెరియోన్ బొమ్మల్లో అది ఉండదు.

అయితే కట్టడం కనబడితే "అంతకు ముందుది కాదు" అని గట్టిగా అనొచ్చు గానీ, కనబడకపోతే "అంతకు ముందుదే" అనలేం. పాత చిత్రాన్ని చూసి యాభై ఏళ్ళ తర్వాత పలక వేసినవాళ్ళున్నారు.

రెండో సాక్షి కాగితం. కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకోండి. సన్నటి దగ్గరి గీతలు, వాటికి అడ్డంగా సుమారు 25 మిల్లీమీటర్లకొకటి చొప్పున గీతలు కనిపిస్తే అది వెర్జే కాగితం. ఏ గీతలూ లేకుండా సమంగా ఉంటే వెలాన్, ఇది ఫ్రాన్స్‌లో 18వ శతాబ్దం చివర్లో వచ్చింది. ఆర్ష్, రీవ్, డచ్చి కంపెనీ వాన్ గెల్డర్ పేర్లు నీటిగుర్తుగా కనిపించడం మామూలే. వెర్జే అయినంత మాత్రాన 17వ శతాబ్దానిది అయిపోదు, 19వ శతాబ్దపు కళాకారులు కోరి వాడుకున్నారు. చివరగా, చీకటి గదిలో 365 నానోమీటర్ల యూవీ టార్చి వేయండి. కాగితం నీలి తెలుపుగా భగ్గున మెరిస్తే అందులో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఉన్నట్టు. అది 1950ల నుంచి ప్రబలింది. అలాంటి కాగితం మీద అచ్చయినది వందేళ్ళ నాటిది కాలేదు.

ఊరు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. నకిలీయా?

కాకపోవచ్చు. పలక మీద గీసింది అచ్చులో కుడిఎడమలు మారుతుంది. ఆరుబయట కూర్చుని పలక మీదే నేరుగా గీసినవాళ్ళు దాన్ని సరిచేయకుండా వదిలేసిన సందర్భాలు బోలెడు. రువాన్ కథీడ్రల్‌ను పడమటి ద్వారం ఎదురుగా నిలబడి చూస్తే, వెన్న బురుజు అని పిలిచే అలంకార బురుజు కుడివైపు, సాన్ రొమాన్ బురుజు ఎడమవైపు ఉంటాయి. బొమ్మలో తారుమారైతే పలక మీద నేరుగా గీసినట్టు. సంతకం మాత్రం తిన్నగా ఉండొచ్చు, దాన్ని తిరగరాసి చెక్కేవారు.

పెన్సిల్ సంతకం, 12/100 లాంటి అంకె లేవు. విలువ ఉండదా?

మార్జిన్‌లో పెన్సిల్ సంతకం పెట్టడం ఫ్రాన్స్‌లో 1880ల తర్వాతే వాడుకగా మారింది, అంకెలు వేయడం ఇంకా ఆలస్యంగా స్థిరపడింది. 1865 నాటి పలకకు పెన్సిల్ సంతకం లేకపోవడమే సహజం, ఉంటేనే అనుమానించాలి.

పాత పలక నుంచి కొత్తగా తీసిన ప్రతి అంటున్నారు. ఏమిటది?

రాగి పలకలు కళాకారుడి తర్వాత కూడా మిగులుతాయి. 1860ల నుంచి పలకకు పలుచని ఇనుప పూత వేయడం అలవాటయింది. అలా వేస్తే అరిగిపోకుండా వేల ప్రతులు తీయొచ్చు, కానీ గీతలోని మెత్తదనం కాస్త తగ్గుతుంది. లూవ్ర్ మ్యూజియానికి 1797లో ఏర్పడ్డ పలకల భాండాగారం ఉంది. అక్కడ పాత పలకల నుంచి తీసిన ప్రతుల మీద దాని నొక్కు ముద్ర ఉంటుంది. అది మోసం కాదు, నిజాయతీగా చెప్పి అమ్మేదే. చిక్కంతా ఆ ముద్ర ఉన్న మార్జిన్‌ను మౌంట్ కింద దాచి "17వ శతాబ్దపు అసలు ప్రతి" అని అమ్మినప్పుడే. తాజా తెల్ల కాగితం, నీడల్లో పల్చబడ్డ గీతలు, అతి శుభ్రంగా తుడిచిన ఆకాశం కనిపిస్తే అడిగి తెలుసుకోండి.

గోధుమరంగు మచ్చలు, బొమ్మ చుట్టూ పసుపు పట్టీ ఎందుకు వస్తాయి?

విడివిడి గోధుమ మచ్చలకు తేమ, బూజు, కాగితంలో చిక్కుకున్న ఇనుప రేణువులు కారణం. బొమ్మ చుట్టూ చతురస్రంగా కాలినట్టుండే పట్టీ చవక మౌంట్ అట్ట చేసిన పని. కర్ర గుజ్జుతో చేసిన ఆ అట్టలోని ఆమ్లం పక్కనున్న కాగితంలోకి పాకుతుంది. వెనక చెక్క పలక పెట్టిన పటాల్లో దాని పోగుల చారలూ, ముడులూ గోధుమ నీడలుగా దిగిపోతాయి. పటం విప్పి చూడమని ఇంతగా చెప్పడానికి పెద్ద కారణం ఇదే: అట్ట లోపలున్నంత కాలం నష్టం ఆగదు.

ఇంట్లో శుభ్రం చేసుకోవచ్చా?

మెత్తటి వెడల్పు బ్రష్‌తో మధ్య నుంచి బయటికి దుమ్ము దులపండి. వెనకవైపూ, ఖాళీ మార్జిన్లలోనూ తెల్ల వినైల్ రబ్బరు పొడిని వేలితో మెల్లగా దొర్లించొచ్చు. పెన్సిల్ రాతల దగ్గరికి పోకూడదు, గీతలున్న భాగాన్ని అసలు రుద్దకూడదు. అక్కడితో ఇంటి పని అయిపోయింది.

నీళ్ళు వద్దు. నూనె సిరా నీటికి కదలకపోయినా మిగతావన్నీ కదులుతాయి. చేత్తో వేసిన రంగులు పారతాయి. చాలా ఫ్రెంచ్ ఎచింగ్‌లు పలుచని చైనా కాగితం మీద అచ్చయి, ప్రెస్‌లోనే మందపాటి కాగితానికి అతికినవి. తడిస్తే రెండు పొరలూ విడిపోయి ముడతలు పడతాయి. బట్టల బ్లీచ్ మచ్చలను అప్పటికి మాయం చేస్తుంది కానీ దాని అవశేషం కాగితాన్ని పెళుసు చేసేస్తుంది. ఎండలో ఆరబెట్టడం, పాత సెల్లోటేపును గోటితో గీకడం కూడా వద్దు.

మళ్ళీ పటం కట్టించేటప్పుడు షాపువాళ్ళకు ఏం చెప్పాలి?

దేవుడి పటాలు, ఫొటోలు కట్టే షాపుల్లో చేతిపని బాగానే ఉంటుంది. కానీ ఫొటోకు నప్పే పద్ధతి పాత కాగితానికి ప్రాణాంతకం. అందుకే ఎదురుగా నిలబడి చేయించండి. మొదటి షరతు: కాగితాన్ని ఫ్రేముకు తగ్గట్టు కోయకూడదు. మార్జిన్ ఒక సెంటీమీటరు తెగినా ధర పడిపోతుంది, అది తిరిగి రాదు. రెండోది: ఫెవికాల్ గానీ, రెండువైపులా అంటే టేపు గానీ, లామినేషన్ గానీ బొమ్మకు తగలకూడదు.

మౌంట్‌కు ఆమ్లం లేని నూలు గుజ్జు అట్ట కావాలి. మ్యూజియం బోర్డు అని అడగండి, సుమారు 1.5 మిల్లీమీటర్ల మందం చాలు, పెద్ద బొమ్మకు 3 అయితే ఇంకా మంచిది. వెనక ఒకటి, ముందు కిటికీ కోసినది ఒకటి, రెండూ పై అంచున పుస్తకంలా కలిపి ఉండాలి. కిటికీని పలక నొక్కుకు చుట్టూ 5–6 మిల్లీమీటర్లు వదిలి కోయించండి. నొక్కు కనబడాలి, సంతకం ఉంటే కింద ఇంకాస్త ఎక్కువ వదలాలి. బొమ్మను వెనక అట్టకు పై అంచున రెండే చోట్ల, జపాన్ కాగితపు చిన్న పట్టీలతో వేలాడదీయాలి. నాలుగు వైపులా అతికిస్తే వానాకాలంలో కాగితం ఉబ్బి, ఎటూ జరిగే చోటులేక అలలు తేలుతుంది, ఎండాకాలంలో బిగుసుకుని చిరుగుతుంది.

గాజుకూ కాగితానికీ మధ్య మౌంట్ మందమంత ఖాళీ తప్పనిసరి. యూవీని ఆపే గాజు దొరికితే వేయించండి. లేదా యూవీ యాక్రిలిక్ వేయించండి, అది తేలిక, పగలదు. పెచ్చులూడే పాస్టెల్ బొమ్మలకు పనికిరాని యాక్రిలిక్ ఎచింగ్‌కు ఏ ఇబ్బందీ చేయదు. వెనక ధూళి చొరకుండా కాగితం అంటించి, కింది రెండు మూలల్లో రబ్బరు బొడిపెలు పెట్టించండి, గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది.

ఆ పట్టీలకు జిగురు ఏది వాడాలి?

గోధుమ గంజి పిండి జిగురు. ఒక చెంచా స్టార్చ్‌కు ఐదు చెంచాల శుభ్రమైన నీళ్ళు పోసి అరగంట నానబెట్టండి. సన్న సెగ మీద ఆపకుండా కలుపుతూ 20–30 నిమిషాలు ఉడికిస్తే పాలలా ఉన్నది గాజులా పారదర్శకంగా మారుతుంది. చల్లారాక సన్న జల్లెడలో రెండుసార్లు వడకట్టి, వెన్నంత చిక్కగా ఉండేలా నీళ్ళు కలుపుకోండి. ఫ్రిజ్‌లో కొద్ది రోజులు ఉంటుంది, పులిసిన వాసన వస్తే పారేయండి. పట్టీకి పలుచగా రాసి, బ్లాటింగ్ కాగితం మధ్య పెట్టి, ఆరేదాకా బరువు ఉంచాలి.

మన దగ్గర పుస్తకాలు కుట్టేవాళ్ళు పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. ఎచింగ్‌కు అది వద్దే వద్దు. అందులోని రాగి కాగితం క్షీణించడాన్ని వేగవంతం చేస్తుంది.

పాత ఫ్రేమును పారేయాలా?

అస్సలు వద్దు. కానీ ఫ్రేము కాలం చూసి బొమ్మ కాలం నిర్ణయించకండి, ఫ్రేములు చేతులు మారుతూనే ఉంటాయి. పాత కర్రలో పురుగు రంధ్రాలుండి, కింద తాజా పొడి రాలుతుంటే ముందు దాని సంగతి చూడండి. కర్ర బాగుంటే లోపలి గాడిలో ఆమ్లం అడ్డుకునే పట్టీ అతికించి అదే వాడుకోవచ్చు. అలలు తేలిన పాత గాజు అందంగానే ఉంటుంది కానీ యూవీని ఆపదు.

ఇంట్లో ఎక్కడ వేలాడదీయాలి?

నేరుగా ఎండ పడని లోపలి గోడకు. మ్యూజియాల్లో కాగితపు కళకు 50 లక్స్‌కు మించి వెలుతురు ఇవ్వరు, మామూలు గదిలో పగటి వెలుగు అంతకు చాలా రెట్లు ఉంటుంది. సిరా నల్లగానే ఉంటుంది, నలిగేది కాగితం. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో, ఎక్కడైనా వానకు తడిసే బయటి గోడ మీద బూజు ఖాయం. గదిలో తేమ 45–55 శాతం దగ్గర ఉంటే మంచిది, 65 దాటి రోజుల తరబడి ఉంటే బూజు లేస్తుంది. రాత్రి ఏసీ, పగలు ఉక్క అనే గది కంటే రోజంతా ఒకేలా ఉండే గది నయం. వంటగది ఎదురు గోడ, బాత్రూం గోడ వద్దు. ఏడాదికోసారి, వానలు వెనకబట్టాక, పటం దింపి వెనక చెదమట్టి గానీ సిల్వర్‌ఫిష్ గానీ ఉన్నాయేమో చూడండి.

ధర దేన్ని బట్టి ఉంటుంది?

ఎవరు వేశారు, ఏ దశ ప్రతి (కింద రాతలు వేయకముందుదా, తర్వాతదా), అచ్చు ఎంత నిండుగా వచ్చింది, మార్జిన్లు ఉన్నాయా, కాగితం ఆరోగ్యంగా ఉందా అన్నవి ఈ వరుసలోనే చూడాలి. వందేళ్ళు దాటినంత మాత్రాన ఖరీదైపోదు. పత్రికల్లో వచ్చిన పలకలు, యాత్రికులకు అమ్మినవి లెక్కలేనన్ని మిగిలాయి, వాటికి మంచి మౌంట్ కట్టించే ఖర్చే బొమ్మ ధరను మించిపోతుంది. మా మాటగా చెప్పాలంటే, పేరున్నవాడి అరిగిపోయిన ప్రతి కంటే పేరులేనివాడి నిండు ప్రతి ఇంట్లో రోజూ చూసుకోవడానికి మేలు. పోల్చుకోవడానికి ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గలికా వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో వెతకండి, అదే పలక వేరే ప్రతి దొరకడం అరుదేమీ కాదు.

విదేశం నుంచి తెచ్చుకునేటప్పుడు?

వీలైతే ఫ్రేము వదిలేసి కాగితం ఒక్కటే తెప్పించుకోండి. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, రెండు గట్టి అట్టల మధ్య బల్లపరుపుగా పంపమనండి. పెళుసుబారిన కాగితాన్ని గొట్టంలో చుట్టి పంపితే విరుగుతుంది. ఫ్రేముతోనే రావాలంటే గాజు తీయించేయండి.

కస్టమ్స్‌లో కళాకారుడు చేత్తో చేసిన పలక నుంచి తీసిన అసలు అచ్చుబొమ్మ 9702 శీర్షిక కిందికి వస్తుంది, వందేళ్ళు దాటినా అదే శీర్షిక. ఫొటో పద్ధతిలో చేసిన హీలియోగ్రావ్యూర్ అందులోకి రాదు, కాబట్టి బిల్లులో "ఎచింగ్" అని స్పష్టంగా రాయించాలి. బొమ్మకు తగిన మామూలు ఫ్రేమును బొమ్మతోపాటే లెక్కిస్తారు. దిగుమతి కాగితాలు భద్రంగా దాచండి. వందేళ్ళు దాటిన కళావస్తువులను భారత్ నుంచి బయటికి పంపడంపై 1972 నాటి పురావస్తువుల చట్టం ఆంక్షలున్నాయి, రేపు మళ్ళీ విదేశానికి తీసుకెళ్ళాలంటే అది బయటినుంచి వచ్చిందని చూపాల్సింది మీరే.

వాన నీళ్ళు పటంలోకి పోయాయి. వెంటనే ఏం చేయాలి?

నిలబెట్టి ఉంచకండి, నీరు కిందికి దిగి చార గీస్తుంది. పడుకోబెట్టి, పైన చెప్పినట్టు వెనకనుంచి విప్పండి. కాగితం గాజుకు అంటుకుని ఉంటే విడదీయొద్దు, గాజు కిందికి ఉండేలా పెట్టి అలాగే కన్జర్వేటర్ దగ్గరికి చేర్చండి. ఇన్‌టాక్ లాంటి వారసత్వ సంరక్షణ సంస్థలకు కాగితం బాగుచేసే కేంద్రాలున్నాయి. అంటుకోకపోతే తెల్లటి బ్లాటింగ్ కాగితం మీద బొమ్మ పైకి ఉండేలా పరచండి, ఫ్యాను గాలి గదిలో తిరగాలి, నేరుగా తగలకూడదు. బ్లాటింగ్ కాగితం తడిసినప్పుడల్లా మార్చండి. కొద్దిగా చెమ్మ మిగిలి ఉండగా రెండు పొడి బ్లాటింగ్‌ల మధ్య పెట్టి, పైన తేలికపాటి బరువు ఉంచి మర్నాటిదాకా వదిలేయండి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. ఆలోపు ఎవరూ చూసే వీలు లేకపోతే, ఇంకా తడిగా ఉన్న కాగితాన్ని అట్ట ఆసరాతో ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే నిపుణుల దగ్గరికి చేర్చేదాకా నష్టం ఆగుతుంది. తడిసిన పాత మౌంట్ అట్టను మాత్రం ఎంత ఆరినా మళ్ళీ లోపల పెట్టించకండి.